అన్నం తినే చెయ్యి

ఇంగ్లీషు టీచర్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. వచ్చిన వాళ్ళంతా ఒకటే అడుగుతారు. వెర్బులు ఎట్లా చెప్పాలి సార్, ఎన్ని రకాలుగా విడదీయాలి, ఏ పుస్తకం మంచిది? ఏదో ఒక పుస్తకం పేరు చెప్పి పంపేస్తే నాకు పీడా వదులుతుంది. కానీ నా ఉద్యోగం నిజంగా ఏమిటో నాకు తెలియజెప్పిన సంగతి ఒకటుంది. అది ఏ పుస్తకంలోనూ లేదు. అది నాకు గొప్ప తెచ్చేది కాదు కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. నాకు ఏ ఏడు ఏ గ్రేడు వచ్చింది, ఏ ఆర్డరు మీద ఎవరు సంతకం పెట్టారు అన్నవి ఇందులో ఉండవు. ఆ కాగితాలన్నీ పెట్టెలో ఉన్నాయి, చెదలకు పనికొస్తాయి.

మాది తమిళనాడులో తిరుత్తణి దగ్గర, కే.జీ.కండిగై పక్కన ఒక పల్లె. సేద్యం ఇల్లు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇంగ్లీషు పుస్తకంలో మాత్రమే. నేను చదువు చెప్పిన పిల్లలదీ అదే బతుకు. అమ్మ తెలుగులో తిడుతుంది, మాస్టారు తమిళంలో తిడతాడు, పరీక్ష ఇంగ్లీషులో తన్నుతుంది. ఈ సరిహద్దు ఊళ్ళలో ఇంగ్లీషు టీచరు పని అంటే ఆ మూడింటి మధ్య నిలబడటమే.

కూర్చున్న పిల్లవాడు

డెబ్బైల మొదట్లో తిరువళ్ళూరులో ఒక హైస్కూల్లో చేరాను. పొద్దున తిరుత్తణిలో రైలెక్కి, తిరువాలంగాడు దాటేలోపు ఆ రోజు నోట్సు ఒకసారి చదువుకునేవాణ్ణి. నోట్సంటే నిర్వచనాలే. కర్మ కావలసిన వెర్బు ట్రాన్సిటివ్, అక్కర్లేనిది ఇన్‌ట్రాన్సిటివ్, పక్కన నిలబడి సాయం చేసేది ఆగ్జిలరీ. నేను ఒక ముక్క అనడం, అరవై మంది దాన్ని తిరిగి అనడం. పక్క క్లాసు వాళ్ళకు కూడా నోటికి వచ్చేసి ఉంటుంది.

అక్కడ సీనియర్ ఇంగ్లీషు మాస్టారు జ్ఞానమణి సారు. ఒకరోజు ఆయన వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. నా ప్రతాపం చూపిద్దామని ఒక పిల్లవాణ్ణి లేపి, "సిట్" ఏ రకం వెర్బో చెప్పమన్నాను. వాడు "సిట్" వరకే విని బుద్ధిగా కూర్చున్నాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. జ్ఞానమణి సారు నవ్వలేదు. తర్వాత స్టాఫ్ రూములో ఆయన అన్నది ఇదీ: ఆ మాటకు అర్థం తెలుసుకున్నవాడు ఆ గదిలో వాడొక్కడే, మిగతా వాళ్ళంతా నీ నోట్సును మోస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మూడో రోజు, ఆయన మాట నిజమేమోనని వేరేగా చెప్పి చూశాను. నిర్వచనం పక్కన పెట్టి, పొద్దున లేచిన దగ్గర్నుంచి మీ ఇంట్లో ఎవరెవరు ఏమేం చేశారో చెప్పండి అన్నాను. అమ్మ ఊడ్చింది. దేన్ని? వాకిలిని. తమ్ముడు ఏడ్చాడు. దేన్ని? అందరూ నవ్వారు. ఏడవటానికి ఇంకోటి అక్కర్లేదని వాళ్ళే చెప్పారు. అరగంటలో పని అయిపోయింది. ఇప్పటికీ ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. పని ముందు, పేరు తర్వాత.

మనకు లేని వెర్బు

ఇంకొక తప్పు కూడా చెప్పేస్తాను. మా పిల్లలు "మై ఫాదర్ వీవర్" అని రాసేవాళ్ళు. మధ్యలో "ఈజ్" ఉండేది కాదు. ఎన్నిసార్లు దిద్దినా మళ్ళీ అదే. సోమరితనం అనుకుని స్కేలుతో వేళ్ళ మీద కొట్టేవాణ్ణి. ఒకరోజు రైల్లో ఎదుటి సీటాయన, మీ నాయన ఏం చేస్తాడని అడిగాడు. "మా నాయన రైతు" అన్నాను. అన్నాక ఆలోచన వచ్చింది. ఇందులో క్రియ ఏది? మన తెలుగుకూ అక్కర్లేదు, తమిళానికీ అక్కర్లేదు. రెండు పేర్లు పక్కపక్కన పెడితే వాక్యం నిలబడుతుంది. పిల్లలు సోమరులు కాదు, ఇంట్లో మాట్లాడినట్టే నిజాయితీగా రాశారు. కొట్టినందుకు నాకు సిగ్గేసింది. ఆ మర్నాటి నుంచి స్కేలు బల్ల సొరుగులో పెట్టేశాను.

ఇంతవరకు చదివి, ఈయన తప్పులన్నీ దిద్దుకుంటూ మంచి మాస్టారైపోయాడని మీరు అనుకుంటే పొరపాటు. అసలు తప్పు ఆ తర్వాత చేశాను.

తనిఖీ రోజు తెలివి

కొన్నేళ్ళకు తిరుత్తణి దగ్గర ఒక హైస్కూలుకు మార్చారు. బడికి వెనక రెండు వీధులు తెలుగు నేతగాళ్ళవి. మగ్గం చప్పుడు మా క్లాసులోకి వినిపించేది. పిల్లల్లో సగం మంది ఆ ఇళ్ళ నుంచే వచ్చేవాళ్ళు. బడికి రాకముందు కండెలు చుట్టి, బడి నుంచి పోయాక మళ్ళీ కండెలు చుట్టే పిల్లలు. కండె అంటే, మగ్గం మీద అటూ ఇటూ పోయే నాడెలో పెట్టే నూలు చుట్ట. మగ్గం మీద కూర్చునేది పెద్దవాళ్ళయినా, పిల్లలు కండెలు అందించకపోతే పని సాగదు.

ఆ ఏడు తనిఖీకి పెద్ద అధికారి వస్తున్నాడన్నారు. మా హెడ్మాస్టరు తమిళుడు, మాట తక్కువ మనిషి. ఇంగ్లీషు క్లాసుకే ముందు తీసుకొస్తాను, చూసుకో అని ఒక్క ముక్క అన్నారు. నాకు భయం పట్టుకుంది. ప్రశ్న అడిగితే పది చేతులు లేచి, యాభై చేతులు బల్ల మీదే ఉంటే నా పరువేం కావాలి?

అప్పుడొక ఉపాయం చేశాను. ఇది నేను కనిపెట్టింది కాదు, మాస్టర్లు చాలామంది చేసేదే. ప్రశ్న అడగ్గానే అందరూ చెయ్యి ఎత్తాలి. జవాబు తెలిసినవాళ్ళు కుడి చెయ్యి, తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి. నేను కుడి చేతుల్లోంచే ఒకరిని లేపుతాను. చూసేవాళ్ళకు క్లాసంతా పండితులే.

అయితే మా క్లాసులో కుడి ఎడమలు మూడు భాషల్లో ఉన్నాయి. పిల్లలు కంగారులో రైటంటే లెఫ్టు ఎత్తే రకం. తనిఖీలో ఎవడైనా తికమకపడితే కొంప మునుగుతుంది. అందుకని ఎవరికీ సందేహం రాని మాట వాడాను. "తెలిస్తే అన్నం తినే చెయ్యి, తెలియకపోతే రెండో చెయ్యి" అన్నాను. తమిళంలోనూ అదే చెప్పాను. తమిళంలో కుడి చేతికి అన్నం చెయ్యి అనే పేరే ఉంది. పిల్లలు నవ్వారు, తలలూపారు. తనిఖీ బ్రహ్మాండంగా జరిగింది. అధికారి నా భుజం తట్టి వెళ్ళాడు.

అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. ఆపలేదు. రోజూ అదే పద్ధతి పెట్టుకున్నాను. తెలిసినవాళ్ళనే అడగడం వల్ల పాఠం గుర్రంలా పరిగెత్తేది, పోర్షను ముందే అయిపోయేది. ఎనిమిదిలో మొదలుపెట్టిన ఆ పిల్లల్ని తొమ్మిదిలోనూ నేనే తీసుకున్నాను. రెండేళ్ళు అట్లాగే నడిపాను.

జాబితా

తొమ్మిది అయ్యే ముందు హెడ్మాస్టరు ప్రతి టీచరునూ పిలిచి, పదిలో పబ్లిక్ పరీక్షకు నిలవలేని వాళ్ళ పేర్లు అడిగేవారు. ఆ పిల్లల తల్లిదండ్రుల్ని పిలిచి మాట్లాడతారు. మాట్లాడటం అంటే టీసీ తీసుకెళ్ళమనడమే. బడి ఫలితాలు తగ్గకుండా చేసుకునే పని అది. పాపమని అందరికీ తెలుసు, అందరూ చేసేవాళ్ళు. తిలాపాపం తలా పిడికెడు.

నేను రాసిన పేర్లలో వళ్ళెమ్మ ఒకతి. నేత వీధిలో చెంగయ్య కూతురు. సన్నగా, కిటికీ పక్కన కూర్చునేది. రెండేళ్ళలో ఒక్కసారైనా ఆ పిల్ల కుడి చెయ్యి ఎత్తడం నేను చూడలేదు. ఎప్పుడూ ఎడమ చెయ్యే. పరీక్ష పేపర్లు కూడా అంతే, అక్షరాలు వంకర, సగం పేజీ రాసేసరికి గంట కొట్టేవాళ్ళు. రాసిన సగంలో తప్పులు లేవన్న సంగతి నేను గమనించలేదు. మార్కులు తక్కువ, చెయ్యి ఎడమ, ఇంకేం కావాలి అనుకున్నాను.

చెంగయ్య వచ్చాడు. చొక్కా మీద గంజి మరకలతోనే వచ్చి, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మీ అమ్మాయికి తలకెక్కడం లేదయ్యా, రెండేళ్ళుగా చూస్తున్నాను, ఒక్క ప్రశ్నకు జవాబు తెలియదు అన్నాను. ఆయన వాదించలేదు. అడగాల్సింది ఒక్కటే అడిగాడు.

"మీరు బాగా సూసినారా అయ్యా?"

చూశానన్నాను. ఆయన దండం పెట్టి, టీసీ తీసుకుని వెళ్ళిపోయాడు.

చెంగయ్య ఇంట్లో

జూన్‌లో బడి తెరిచాక టీచర్లం వీధులు తిరిగి ఆరో తరగతికి పిల్లల్ని చేర్చుకునేవాళ్ళం. నాకు నేత వీధి పడింది. చెంగయ్యకు రెండో కూతురుందని, అయిదు పాసయిందని తెలిసి వాళ్ళింటికి వెళ్ళాను. మధ్యాహ్నం అయింది. మగ్గం ఆపి భోజనాలకు కూర్చున్నారు. నన్ను చూసి చెంగయ్య లేచి చాప వేశాడు. వాళ్ళావిడ మజ్జిగ తెచ్చింది. వళ్ళెమ్మ గోడ వారగా కూర్చుని తింటోంది.

ఎడమ చేత్తో తింటోంది.

మంచి నడవడి నేర్పే మాస్టారు గొంతుతో, అదేమిటమ్మా ఎడమ చేత్తో తింటున్నావు అన్నాను. పిల్ల తల వంచుకుంది. చెంగయ్య బదులు చెప్పాడు.

"పుట్టినప్పట్నుంచి అంతే అయ్యా. పళ్ళికూటంలో సిన్న తరగతుల టీచరమ్మ కొట్టి కొట్టి కుడి సేత్తో రాయను నేర్పించింది. ఇంట్లో మేం ఏమీ అనం. నాడె ఇట్లా పోవల్ల, అట్లా రావల్ల. మగ్గానికి కుడేంది, ఎడమేంది?"

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. తెలిస్తే అన్నం తినే చెయ్యి అని నా నోటితో నేను చెప్పిన మాట చెవిలో వినిపించింది. కుడి చెయ్యి అని నేను అనలేదు. ఆ క్లాసులో మిగతా అందరూ నా ఉద్దేశాన్ని పాటించారు. ఆ పిల్ల ఒక్కతే నా మాటను పాటించింది.

ఏదో అడగాలి కాబట్టి అడిగాను. క్లాసులో చెప్పిన వెర్బులు గుర్తున్నాయా అన్నాను. అప్పుడు కూడా, గుర్తు లేవంటే బాగుండునని లోపల ఎక్కడో కోరుకున్నాను. అది దాచుకోవడం దేనికి?

పిల్ల చెయ్యి కడుక్కుని వచ్చింది. మొదట వాళ్ళ నాయన ముఖం చూసింది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. నాడె పోతుంది అంటే దానికి ఇంకోటి అక్కర్లేదు సార్, నేస్తాడు అంటే ఏం నేస్తాడని అడగాలి, చీర నేస్తాడు అంటేనే మాట నిండుతుంది అంది. ఈ సంగతి చెల్లెలికి కూడా చెప్పిందట. చెల్లెలు పక్కనుంచి అవునని తలూపింది. మరి సాయం చేసే వెర్బుల సంగతేమిటి అన్నాను.

"కండెలు సుట్టేది మా సెల్లి సార్. సీర మింద దాని పేరుండదు. అది సుట్టకపోతే నేత నిలిచిపోతాది. 'ఈజ్' పెడితే సీర ఇంకా మగ్గం మింద ఉండాది. 'హ్యాజ్' పెడితే కోసేసినారు."

పదేళ్ళుగా నేను నల్లబల్ల మీద సుద్ద అరగదీసి చెబుతున్న సంగతి అంత తేటగా నేనెప్పుడూ చెప్పలేదు. క్లాసులో ఎవరూ చెప్పలేదు. మరి అడిగినప్పుడల్లా ఎందుకు ఆ చెయ్యి ఎత్తావని అడిగాను. ఆమె ఆశ్చర్యంగా చూసింది. మీరే కదా సార్ చెప్పినారు అంది. మరి నేను నిన్ను లేపడం లేదని ఎప్పుడూ అనుకోలేదా అంటే, తన వంతు రాలేదనుకుందట. అరవై మంది ఉన్నారు కదా, ఎప్పుడో ఒకప్పుడు వస్తుందిలే అనుకుందట.

చెంగయ్యకు సంగతి అర్థమవుతోందని నాకు తెలిసింది. ఆయన నన్నే చూస్తున్నాడు. అప్పుడే, అక్కడే, తప్పు నాదయ్యా అని ఉంటే ఈ కథ ఇక్కడ ముగిసేది. నేను అనలేదు. హెడ్మాస్టరుతో మాట్లాడి చూస్తానని గొణిగి, చెల్లెలి పేరు రాసుకుని బయటపడ్డాను.

రెండోసారి

పదో తరగతిలో చేర్చుకునే గడువు జూలై నెలాఖరు వరకు ఉంది. హెడ్మాస్టరు గది నా క్లాసుకు నాలుగు అడుగులు. ఆ నాలుగు అడుగులు నేను నెలరోజులు వెయ్యలేదు.

ఎందుకంటే పదిలోనూ ఆ పిల్లలు నాకే వచ్చారు, జూలైలో మళ్ళీ తనిఖీ. పోయినసారి వచ్చిన అధికారే. నా క్లాసును మిగతా టీచర్లకు చూపించాలని ఆయనే అడిగాడట. ఇప్పుడు పోయి, ఆ చేతులన్నీ నా నాటకం సార్ అంటే? ముందు తనిఖీ కానిద్దాం, తర్వాత ఆ పిల్ల సంగతి చూద్దాం అనుకున్నాను. రోజూ పొద్దున అట్లాగే అనుకునేవాణ్ణి. కిటికీలోంచి మగ్గం చప్పుడు వస్తుంటే అందులో వళ్ళెమ్మ మగ్గం ఏదో అని వినేవాణ్ణి. విని, కిటికీ తలుపు వేయించేవాణ్ణి.

తనిఖీ రోజు వచ్చింది. తెలిసి తెలిసి అదే నాటకం మళ్ళీ ఆడించాను. క్లాసంతా చేతులెత్తింది. అధికారి తలూపాడు. నేను కుడి చేతులు ఏరుకుని ముగ్గుర్ని లేపాను. ముగ్గురూ చెప్పారు. అధికారి వెనక నిలబడ్డ టీచర్లవైపు తిరిగి, క్లాసంటే ఇట్లా ఉండాలి అన్నాడు.

క్లాసులో ఎత్తిన ఎడమ చేతులు ఇరవై దాకా ఉన్నాయి. అంతకుముందు ఎప్పుడూ ఆ ముఖాలవైపు చూడలేదు. ఆ రోజు చూశాను. ఒక పిల్లవాడు ఎడమ చెయ్యెత్తి నావైపు చూసి చిన్నగా నవ్వుతున్నాడు. సార్ నన్ను అడగడులే అన్న ధీమా అది. అంతకన్నా సిగ్గు నాకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు.

హెడ్మాస్టరు ప్రశ్న

మర్నాడు ప్రేయరుకు ముందే హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను. చేతుల ఉపాయం, అన్నం తినే చెయ్యి, చెంగయ్య ఇల్లు, నెలరోజుల పిరికితనం, నిన్నటి నాటకం. ఏదీ దాచలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి విన్నారు. తిడతారనుకున్నాను. అధికారికి ఉత్తరం రాస్తారనుకున్నాను. ఆయన మెల్లగా తమిళంలో ఒక్క ప్రశ్న అడిగారు. ఈ రెండేళ్ళలో ఎడమ చెయ్యెత్తిన వాళ్ళలో ఎంతమందికి మళ్ళీ పాఠం చెప్పావు?

ఒక్కరికీ చెప్పలేదు సార్ అన్నాను.

ఆయన ఆ పైన అన్నది నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ పిల్ల విషయంలో నువ్వు పొరపాటు పడ్డావు, అది ఎవరికైనా జరుగుతుంది. ఒకవేళ ఆ పిల్లకు నిజంగానే ఏమీ తెలియదనుకో, అప్పుడు నువ్వు చేసింది సరైనదయ్యేదా? తెలియనివాళ్ళు రోజూ చెయ్యెత్తి మాకు తెలియదు సార్ అని నీకు చూపించారు. ఏ మాస్టారుకూ అంత సులువుగా దొరకదు. వాళ్ళను తప్పించుకోవడానికి నువ్వు దాన్ని వాడుకున్నావు.

నేను అప్పటిదాకా వళ్ళెమ్మ ఒక్కతి గురించే బాధపడుతున్నాను. ఆయన మాటతో ఆ జాబితాలోని మిగతా పేర్లు కూడా కళ్ళముందుకు వచ్చాయి. వాళ్ళు ఎక్కడెక్కడున్నారో కూడా నాకు తెలియదు. తర్వాత వెతికితే ఇద్దరు దొరికారు, మిగతా వాళ్ళు దొరకలేదు. ఆ ఇద్దరూ మళ్ళీ బడికి రామన్నారు.

హెడ్మాస్టరు తెల్ల కాగితం తీసి, వళ్ళెమ్మను పదో తరగతిలో చేర్చుకోవడానికి రాసి సంతకం పెట్టారు. గడువుకు నాలుగు రోజులుంది. ప్యూనును పంపను, నువ్వే పోయి తీసుకురా అన్నారు.

చెంగయ్య మాట

ఆ మధ్యాహ్నమే వెళ్ళాను. వళ్ళెమ్మ మగ్గం మీద ఉంది. చెంగయ్య వాకిట్లో నూలు ఆరేస్తున్నాడు. ఈసారి మజ్జిగ రాలేదు. నిలబడే చెప్పాను. తప్పు నాదే, మీ అమ్మాయికి అన్నీ తెలుసు, చూడనిది నేను, బడికి పంపండి అన్నాను. ఆయన నూలు చివరిదాకా ఆరేసి, చేతులు తుడుచుకుని వచ్చాడు.

"మీ మాట నమ్మి ఒకసారి నిలిపినాను అయ్యా. ఇప్పుడు మల్లా మీ మాట నమ్మి పంపమంటారా?"

నన్ను నమ్మొద్దయ్యా, మీ అమ్మాయిని అడగండి అన్నాను. మగ్గం చప్పుడు అప్పటికే ఆగిపోయింది. వళ్ళెమ్మ మగ్గం గుంటలోంచి లేచి గుమ్మం దాకా వచ్చి నిలబడింది. తండ్రి ఆమెవైపు తిరిగి, ఏంటి పాపా, పోతావా అని అడిగాడు. ఆమె నన్ను చూడలేదు. తండ్రితోనే మాట్లాడింది. కొత్తగా ఎక్కించిన పడుగు అయ్యేదాకా పొద్దునా సాయంత్రం కూర్చుంటానంది, చెల్లెలి కండెలు తనే చుడతానంది. అప్పుడు నావైపు తిరిగి ఒకటే అడిగింది.

"మల్లా తొమ్మిదా సార్, పదా?"

పది అన్నాను. లోపలికి పోయి పుస్తకాల సంచి తెచ్చుకుంది. ఆ సంచి దూలానికి తగిలించే ఉంది, అటక మీద పారెయ్యలేదు. నెలరోజులుగా ఆ పిల్ల ఎదురుచూస్తోంది, నేను తనిఖీ కోసం ఎదురుచూస్తున్నాను.

ఆ ఏడు

క్లాసులో పిల్లల ముందు చేతుల పద్ధతి రద్దు చేశాను. ఎందుకు రద్దు చేశానో కూడా చెప్పాను. ఒకరిద్దరు నొచ్చుకున్నారు, ఎందుకంటే ఇకనుంచి ఎవరినైనా అడుగుతానని అర్థమైంది. మొదట్లో క్లాసు నత్తలా సాగింది. తెలియనివాడిని అడిగి, వాడికి తెలిసేదాకా అక్కడే నిలబడితే పోర్షను ఎట్లా అవుతుంది? కాలేదు. ఆ ఏడు చివరి రెండు పాఠాలు ఆదివారాలు చెప్పి ముగించాను. టీచరు పని ఇంత నెమ్మదైందని అప్పుడే తెలిసింది నాకు.

వళ్ళెమ్మకు ఎడమ చేత్తో రాయమని చెప్పాను. తోటి టీచర్లు కొందరు ముఖం చిట్లించారు. హెడ్మాస్టరు వాళ్ళను ఏమీ అనలేదు గానీ, పరీక్ష రోజు ఆమెకు బెంచీ చివర, ఎడమవైపు చోటిచ్చారు. అర్ధ సంవత్సరం పరీక్షలకు అక్షరాలు కుదురుకున్నాయి. పేపరు చివరిదాకా రాసింది.

ఆ ఏడంతా నేను రోజూ ఆ పిల్లను పేరు పెట్టి పిలిచేవాణ్ణి. లేచి, అడిగినదానికి తడుముకోకుండా చెప్పి కూర్చునేది. మిగతా పిల్లలు ఎవరికి తోచిన చెయ్యి వాళ్ళు ఎత్తి సార్ సార్ అని అరిచేవాళ్ళు. వళ్ళెమ్మ మాత్రం ఎత్తేది కాదు. మొదట మొహమాటం అనుకున్నాను, తర్వాత కొత్త బెరుకు అనుకున్నాను. దసరా అయింది, పొంగల్ అయింది. నాకు తెలుసు సార్ అని ఒక్కసారి కూడా చెయ్యి లేవలేదు.

పబ్లిక్ పరీక్షకు హాల్ టికెట్లు నేనే పంచాను. అందరూ తీసుకెళ్ళాక ఆమె చివర వచ్చింది. నీకు ఇంగ్లీషులో భయం లేదమ్మా, మంచి మార్కులు వస్తాయి అన్నాను. సంతకం పెట్టి, టికెట్ మడిచి పుస్తకంలో పెట్టుకుంది. ఇంకెప్పుడూ అడగలేనేమోనని అప్పుడు అడిగాను. ఏడాదంతా నీకు తెలియని ప్రశ్న లేదు, ఒక్కసారైనా ఎందుకు చెయ్యెత్తలేదమ్మా?

కోపంగా అనలేదు. నిందగానూ అనలేదు. క్లాసులో అడిగినదానికి చెప్పినట్టే, నా ముఖంలోకి చూసి చెప్పింది.

"రెండేండ్లు ఎత్తినాను గద సార్."